మోకాలి వెనక నీటితిత్తి: ఒక అరుదైన జబ్బు చరిత్ర

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు సర్వీసు జ్ఞాపకాలు రాద్దామనే అనుకున్నాను. అయితే అవి మన సంచికల్లో ఏటా వస్తూనే ఉన్నాయి. బదిలీలు, ఇంక్రిమెంట్లు, ఆడిట్ అభ్యంతరాలు చదివి చదివి పాఠక మిత్రులు అలసిపోయి ఉంటారు. ప్రభుత్వాసుపత్రి ఎక్స్-రే విభాగంలో ముప్ఫై రెండేళ్ళు పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కాబట్టి, ఆ చీకటి గదిలో కొంతా, విశ్రాంత జీవితంలో పుస్తకాలు తిరగేసి కొంతా తెలుసుకున్న ఒక విషయం మీ ముందు పెడుతున్నాను. నేను డాక్టరును కానని ముందే మనవి చేసుకుంటున్నాను. డాక్టర్ల పక్కన నిలబడి ఫిల్ములు కడిగినవాణ్ణి మాత్రమే.

మన వయసువారిలో కాలు నొప్పి అనగానే ఇంట్లో అందరూ చెప్పే కారణాలు రెండు. ఒకటి మోకాలి గుజ్జు అరిగిపోయింది అనేది, రెండోది నరం పట్టింది అనేది. నా మిత్రుడొకాయన ఉన్నారు. సబ్ ట్రెజరీ దగ్గర కలుస్తూ ఉంటాం. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బస్టాండు నుంచి నడిచి వస్తూ, సోడా బండి దగ్గర ఒకసారి, పోస్టాఫీసు మెట్ల మీద ఒకసారి ఆగేవారు. పిక్క పట్టేస్తోందనేవారు. రెండు నిమిషాలు నిలబడితే తగ్గేది, మళ్ళీ నడిచేవారు. "నరాల బలహీనత, బి-కాంప్లెక్స్ సూదులు వేయించుకుంటున్నాను" అని చెప్పేవారు. ఆయన సంగతి తరువాత చెబుతాను. నడిస్తే పట్టేసి, ఆగితే వదిలే ఈ నొప్పికి గుజ్జుతో గాని నరంతో గాని సంబంధం లేకపోవచ్చునని, రక్తం తీసుకువెళ్ళే గొట్టం ఇరుకైనప్పుడు ఇలా ఉంటుందని తెలుసుకోవడానికి వైద్యులకే చాలా కాలం పట్టింది. అదీ ముందుగా మనుషుల్లో కాదు, గుర్రంలో తెలిసింది.

1831లో ఫ్రాన్సు దేశంలో బూలే అనే పశువైద్యుడు ఒక గుర్రాన్ని పరీక్షించాడు. అది కొంతదూరం పరుగెత్తాక వెనక కాళ్ళు కుంటేది, ఆపితే కొద్దిసేపట్లో మామూలుగా అయిపోయేది. చనిపోయాక కోసి చూస్తే తొడలోని ధమని పూడిపోయి ఉంది. మనిషిలో ఇదే బాధను 1858లో పారిస్ వైద్యుడు షార్కో వర్ణించాడు. దీనికి పెట్టిన పేరు క్లాడికేషన్. లాటిన్‌లో కుంటడమని అర్థం. రోమన్ చక్రవర్తి క్లాడియస్ కుంటివాడు గనుక ఆయన పేరు మీద ఈ మాట వచ్చిందని కొందరు చెబుతారు గాని అది సరికాదు. ఆయన పేరుకూ, ఈ మాటకూ మూలం ఆ కుంటి అన్న పాత లాటిన్ మాటే.

మోకాలి వెనక, కాలు మడిచినప్పుడు గుంటలా ఏర్పడే చోట, తొడ నుంచి దిగి వచ్చే పెద్ద ధమని ఉంటుంది. పాప్లిటియల్ ధమని అంటారు. పిక్కకూ, పాదానికీ వెళ్ళే రక్తమంతా ముఖ్యంగా దీనిగుండానే పోవాలి. పీట మీద కూర్చున్నా, బాసింపట్టు వేసుకున్నా, మెట్లెక్కినా ఈ గొట్టం వంగుతూ సాగుతూ ఉండాలి. మన ఒంట్లో ఇంత చాకిరీ చేసే ధమనులు తక్కువ.

వైద్య చరిత్రలో ఈ ధమని మొదటిసారి ప్రసిద్ధికెక్కింది 1785లో. లండన్ సెయింట్ జార్జ్ ఆసుపత్రికి నలభై అయిదేళ్ళ గుర్రబ్బండి తోలేవాడొకడు మోకాలి వెనక ధమని ఉబ్బి పెద్ద గడ్డలా అయిన స్థితిలో వచ్చాడు. ఆ రోజుల్లో దానికి కాలు తీసేయడమే మార్గమని చాలామంది అభిప్రాయం. జాన్ హంటర్ అనే సర్జను గడ్డ జోలికి పోకుండా, పైన తొడలోనే ధమనిని కట్టేశాడు. మత్తుమందు లేని కాలమది. పెద్ద గొట్టం కట్టేసినా పక్కనున్న చిన్న చిన్న శాఖలు పెరిగి పాదానికి రక్తం అందిస్తాయని ఆయన నమ్మకం. అలాగే జరిగింది. ఆ బండివాడు కాలితో సహా ఇంటికి వెళ్ళాడు, తన పని తాను చేసుకున్నాడు. ఏడాది దాటాక 1787లో వేరే జ్వరంతో చనిపోయినప్పుడు హంటర్ ఆ కాలును తెప్పించుకుని కోసి చూశాడట. సర్జన్ల కుతూహలం అలాంటిది! మోకాలి చుట్టూ ఉండే ఆ చిన్న శాఖల సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

ఇక అసలు విషయం. ధమని గోడకు మూడు పొరలుంటాయి. లోపలి పొర నున్నగా రక్తాన్ని తాకుతూ ఉంటుంది. నడిమి పొర కండరం. బయటి పొరను అడ్వెంటీషియా అంటారు. మనం సాధారణంగా వినే ధమని జబ్బు, అంటే పొగతాగేవారికి, షుగరున్నవారికి వచ్చే కొవ్వు పూడిక, లోపలి పొరలో మొదలవుతుంది. నేను చెప్పబోయే జబ్బు బయటి పొరలో వస్తుంది. ఆ పొర సందులో ఒక తిత్తి ఏర్పడి, అందులో చిక్కటి జిగురు ద్రవం నిండుతుంది. మణికట్టు మీద కొందరికి ఉండే నీటి బుడిపెలోని ద్రవం లాంటిదే ఇదీ. తిత్తి ఉబ్బిన కొద్దీ ధమనిని పక్కనుంచి నొక్కుతుంది. లోపలి పొర శుభ్రంగానే ఉంటుంది, దారి మాత్రం ఇరుకవుతుంది. ఇంటి గోడ బాగానే ఉన్నా, పక్కింటివాడు కట్టెలు పేర్చి సందు ఇరుకు చేసినట్టు.

ఇలాంటి తిత్తిని మొదటిసారి లోకానికి తెలిపినవారు లండన్ గైస్ ఆసుపత్రి సర్జన్లు అట్కిన్స్, కీ. సంవత్సరం 1947. వారు చూసింది మోకాలి వెనక కాదు, పొత్తికడుపు నుంచి తొడలోకి దిగే ఎడమవైపు ధమని మీద. అదొక కంతి అనుకుని ఆ పేరుతోనే ప్రచురించారు. ఈ హెడ్లీ అట్కిన్స్ ఆసక్తికరమైన మనిషి. తరువాత ఇంగ్లండు రాయల్ కాలేజి ఆఫ్ సర్జన్స్ అధ్యక్షుడయ్యాడు. చార్లెస్ డార్విన్ నివసించిన ఇంట్లో సంరక్షకుడుగా ఉండి, ఆ ఇంటి గురించి పుస్తకం రాశాడు. అంతకన్నా ముఖ్యమైనది, రొమ్ము క్యాన్సరులో మొత్తం తీసేయాలా, గడ్డ వరకే తీస్తే సరిపోతుందా అన్న ప్రశ్నకు తన ఆసుపత్రిలోనే ఏళ్ళ తరబడి పరీక్ష పెట్టి, 1972లో పదేళ్ళ ఫలితాలు ప్రకటించినవారిలో ఆయన ఒకడు. తొలిదశలో ఉన్నవారికి ఎక్కువ కోతవల్ల ఆయుష్షు పెరగలేదు. చంకలోని గ్రంథులకు పాకినవారికి మాత్రం ఆనాటి తక్కువ కోత చాలలేదు. ఎంత కోయాలి అన్నది తన నమ్మకాన్ని బట్టి కాక ఫలితాన్ని బట్టి తేల్చుకున్న సర్జన్లు ఆ కాలంలో తక్కువ.

మోకాలి వెనక ధమనిలో ఈ తిత్తిని మొదట వర్ణించింది స్వీడన్‌వారు. 1954లో ఎయ్రుప్, హీర్టాన్ అనే ఇద్దరు వైద్యులు, నడిస్తే పిక్క పట్టేసే ముగ్గురు రోగులకు పాడైన ధమని ముక్క తీసేసి, ఆ చోట సిర ముక్క అతికించిన వైనం ప్రచురించారు. ఆ ముగ్గురిలో ఒకరికి ఉన్నది ఈ తిత్తి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. రక్తనాళాన్ని కుట్టడం అనే పని మన తాతల కాలంలో అసాధ్యమనుకున్నది. ఫ్రాన్సులో అలెక్సిస్ కారెల్ 1902లో దాని పద్ధతి చూపించి, 1912లో నోబెల్ బహుమతి పొందాడు. రోగి కాలి సిరనే తీసి, పూడిన ధమనికి పక్కదారిగా కుట్టే పని 1948లో పారిస్‌లో కున్లిన్ చేశాడు. ఆరేళ్ళు తిరిగేసరికి స్వీడన్‌లో మోకాలి వెనక సిర ముక్క అతికించారు. అంటే చేతికి కొత్త పనిముట్టు వచ్చింది, దాన్ని వాడవలసిన జబ్బులు ఒకటొకటిగా బయటపడుతున్నాయి. 1957లో హీర్టాన్, లిండ్బర్గ్, లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రి సర్జన్ చార్లెస్ రాబ్ కలిసి ఈ మోకాలి జబ్బు మీద మరో వ్యాసం రాశారు. ఈ చార్లెస్ రాబే 1954లో ఈస్ట్‌కాట్, పికరింగ్‌లతో కలిసి, పక్షవాతం ముందస్తు లక్షణాలున్న ఒక స్త్రీకి మెడ ధమనిలో ఇరుకైన భాగం తీసివేసిన సంగతి ప్రకటించినవాడు. ఈనాడు మన మిత్రుల్లో కొందరికి మెడ ధమనికి స్కానింగు చేయించమని డాక్టర్లు రాస్తున్నారంటే, దాని వెనక ఆ ఆపరేషన్ ఉంది.

1961లో జపాన్‌కు చెందిన ఇషికావా బృందం ఒక చిన్న పరీక్ష చెప్పింది. ఖర్చు లేనిది. రోగి కాలు చాపి ఉన్నప్పుడు పాదం మీద నాడి అందుతుంది. మోకాలు బాగా మడిపిస్తే అందకుండా పోతుంది. మడిచినప్పుడు తిత్తి ధమనిని మరింత నొక్కుతుంది గనుక అలా అవుతుంది. దీనికి ఇషికావా గుర్తు అనే పేరు స్థిరపడింది. ఇంకొక తేడా కూడా వైద్యులు గమనించారు. కొవ్వు పూడికలో ఆగిన కొద్ది నిమిషాల్లో నొప్పి పోతుంది. ఈ తిత్తి జబ్బులో పోవడానికి కొందరికి ఇరవై నిమిషాలు కూడా పడుతుంది. పైగా ఇది కొన్ని వారాలు ఎక్కువగా ఉండి, కొన్ని వారాలు తగ్గి, మళ్ళీ రావచ్చు. కొవ్వు పూడిక ఇలా దోబూచులాడదు. ఈ దోబూచులో ఒక రహస్యం ఉందని అప్పట్లో ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఇదే చోట ఇంకో జబ్బు కూడా ఉంది, దానితో పొరబడకూడదు. ధమని ఉండవలసిన దారిలో కాక పిక్క కండరం చుట్టూ తిరిగి పోతే, కండరం బిగిసినప్పుడల్లా నలుగుతుంది. 1879లో ఎడింబరోలో ఆండర్సన్ స్టూవర్ట్ అనే వైద్య విద్యార్థి, తీసేసిన ఒక కాలును కోసి చూస్తూ దీన్ని కనిపెట్టాడు. ఇందులో పాదాన్ని కిందికి బలంగా వంచితే నాడి పోతుంది. మోకాలు మడిస్తే పోయేది తిత్తి, పాదం వంచితే పోయేది కండరం పట్టు. రెండూ పడుచువాళ్ళలో, నడివయసువాళ్ళలో పిక్కనొప్పికి కారణాలే. పొగ అలవాటు లేదు, షుగర్ లేదు, నలభై ఏళ్ళు నిండలేదు, అయినా నడవలేకపోతున్నాడంటే ఈ రెంటినీ తలుచుకోవాలని పుస్తకాలు చెబుతాయి.

1979 నాటికి అమెరికాలో ఫ్లానిగన్ బృందం ప్రపంచమంతటా ప్రచురితమైన మోకాలి తిత్తి కేసులు ఏరితే 115 తేలాయి. రోగుల్లో అత్యధికులు పురుషులు, సగటు వయసు నలభై పైచిలుకు. 2014లో వచ్చిన మరో సమీక్షలో, ఇతర ధమనులూ సిరలూ కలుపుకుని, లెక్క ఏడువందలు దాటింది. ప్రపంచమంతా కలిపి అన్ని దశాబ్దాల్లో అంతే. అరుదైన జబ్బనడానికి ఇంకేం కావాలి? ఆ కేసుల్లో చాలాభాగం మోకాలి వెనకవే.

ఇక నాకు బాగా తెలిసిన విషయానికి వస్తాను. నేను సర్వీసులో చేరిన రోజుల్లో కాలి ధమనికి ఎక్స్-రే తీయడమంటే పెద్ద తతంగం. డాక్టరు తొడ మొదట్లో సూది గుచ్చి డై ఎక్కించేవారు. ఆయన "షూట్" అనగానే నేను ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, కేసెట్టు లాగాలి, ఇంకోటి తోయాలి. అర సెకను ఆలస్యమైతే డై పాదం దాటిపోయేది. తరువాత డార్క్ రూములో డెవలపర్, హైపో, నీళ్ళ తొట్టి. ఎండాకాలంలో తొట్టిలో ఐసుముక్కలు వేసుకునేవాళ్ళం. ఫిల్మును క్లిప్పుకి తగిలించి దీపం ముందు పెడితే, తెల్లటి తీగలా ధమని. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు పులకరించేది. సూది గుచ్చి, అందులోంచి తీగ పంపి, ఆ తీగ మీదుగా సన్నటి గొట్టం జరిపే పద్ధతిని స్టాక్‌హోమ్‌లో సెల్డింగర్ 1953లో ప్రకటించాడు. గుండెకు స్టెంటు వేసేటప్పుడు ఈనాటికీ మొదటి మెట్టు ఆయనదే. మన సంఘంలో స్టెంటు వేయించుకున్న మిత్రులందరూ ఆ మహానుభావుడికి ఒక నమస్కారం బాకీ.

కాని ఆ ఫిల్ములో ఒక లోటుంది. అందులో కనిపించేది డై, అంటే రక్తం పోయే దారి. గోడ కనిపించదు. గోడలో ఉన్న తిత్తి అసలే కనిపించదు. కాలువలో నీళ్ళ వెడల్పు చూసి గట్టు లోపల ఏముందో చెప్పమన్నట్టు. తిత్తి ఒకపక్క నుంచి నొక్కితే ధమని వంపుకత్తిలా కనిపిస్తుంది. చుట్టూ నొక్కితే నడుము సన్నటి ఇసుకగడియారంలా కనిపిస్తుంది. వంపుకత్తి గుర్తు అని పుస్తకాల్లో రాసిందీ దీన్నే. అది చూసి అనుభవజ్ఞులు తిత్తి అయి ఉండవచ్చునని ఊహించేవారు. ధమని పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఆ ఊహకూ తావు లేదు. తేలేది ఆపరేషన్ బల్ల మీదే. సర్జను మోకాలి వెనక కోసి, ధమని పొర చీల్చగానే జిగురు ఉబికి వస్తే అప్పుడు తెలిసేది.

ఇందులో ఉన్న చిక్కు గమనించండి. జబ్బు ఫలానా అని తేలేసరికే ఆపరేషన్ అయిపోయి ఉండేది. ఆపరేషన్ చేయకపోతే ఏమవుతుందో తెలుసుకునే అవకాశం ఎవరికీ లేదు. ఒకవేళ ఎవరికైనా దానంతటదే తగ్గిపోయి ఉంటే, వాళ్ళకు ఉన్నది ఈ జబ్బేనని ఏ రికార్డులోనూ చేరి ఉండదు. ఏదో బెణుకు, తగ్గిపోయిందనుకుని వాళ్ళ పని వాళ్ళు చూసుకుని ఉంటారు. 115 కేసుల పట్టిక చూసి ఇది ఆపరేషన్ లేనిదే పోని జబ్బు అనుకోవడం సహజమే. మన ఆఫీసుల్లో ఫైలు కదిలినవాళ్ళ అర్జీలే లెక్కకు వచ్చినట్టు.

ఆ చిక్కు విడదీసినవి స్కానింగులు. సి.టి. స్కాన్‌తో ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ పరికరం మొదటి రోగిని పరీక్షించింది 1971లో. ఆయనకు నోబెల్ వచ్చింది 1979లో. అల్ట్రాసౌండ్ అప్పటికే ఉంది, 1980లలో బాగా మెరుగైంది. వెనువెంటనే ఎం.ఆర్.ఐ. వచ్చింది. వీటిలో దారి మాత్రమే కాదు, గోడా, గోడలోని నీరూ కనిపిస్తాయి. మా విభాగానికి అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చిన కొత్తలో మా పెద్ద డాక్టరుగారు పిత్తాశయంలో రాయి చూపిస్తూ, "చూశావా, కోయకుండా కడుపులోకి చూస్తున్నాం" అన్నారు. అప్పుడు రాయిని గురించే అనుకున్నాను. కోయకుండా చూడటమంటే, ఇవాళా చూడవచ్చు, రెండు నెలల తరువాత మళ్ళీ చూడవచ్చు అని అర్థం. ఆ సంగతి నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది.

1990లో యూరప్ రక్తనాళ శస్త్రచికిత్స పత్రికలో ఇంగ్లండు వైద్యులు కొందరు ఒక్క రోగి గురించి ఒక చిన్న నివేదిక ప్రచురించారు. మోకాలి వెనక ధమనిలో తిత్తి, దానంతటదే పోవడం, ఇదీ విషయం. 2004లో రాయల్ సొసైటీ ఆఫ్ మెడిసిన్ పత్రికలో ఇంకొకటి వచ్చింది. దాని శీర్షికలోనే, తనంతట తానుగా, శాశ్వతంగా తగ్గిపోయిన కేసు అని స్పష్టంగా చెప్పారు. అటూ ఇటూ మరికొన్ని వచ్చాయి. మొత్తం అతి కొద్ది. ఒకటీ అరా పేజీల నివేదికలు. కాని నా దృష్టిలో ఈ జబ్బు చరిత్రలో 1947 తరువాత చెప్పుకోదగ్గ సంవత్సరం 1990. ఏడువందల కేసుల్లో నాలుగైదు పోతే ఏం గొప్ప అని మా అబ్బాయి అడిగాడు. నాలుగైదు అని తెలిసినవి. చూడటం మొదలుపెట్టాకే లెక్క మొదలైంది.

అది ఎలా పోతుంది? దీనికి జవాబు, అసలు ఎలా వస్తుంది అన్న ప్రశ్నలో ఉంది. దాని మీద వైద్యుల్లో చాలాకాలం తగవు నడిచింది. దెబ్బలవల్ల, మోకాలు పదేపదే వంగడంవల్ల అని కొందరన్నారు. అయితే చిన్నపిల్లల్లో కూడా కనబడింది కాబట్టి ఆ మాట పూర్తిగా నిలవలేదు. తల్లి గర్భంలో కాళ్ళు చేతులు రూపుకట్టే సమయంలో, కీలుగా మారవలసిన కణాలు కొన్ని పక్కనున్న ధమని పొరలో చిక్కుకుని, పెద్దయ్యాక జిగురు స్రవిస్తాయని కొందరన్నారు. మోకాలి కీలు నుంచి సన్నటి దారి ఒకటి ధమని చిన్న శాఖ వెంబడి వచ్చి, కీలులోని ద్రవాన్ని ధమని పొరలోకి తోడుతుందని మరికొందరన్నారు. ఇటీవలి కాలంలో మొగ్గు ఈ చివరి వాదం వైపే ఎక్కువగా ఉంది. 2014 సమీక్ష రాసిన మేయో క్లినిక్‌వారు దాన్నే గట్టిగా సమర్థించారు. నిశితంగా తీసిన ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో కీలుకూ తిత్తికీ మధ్య ఆ తోక లాంటి దారి కనిపించిన రోగులున్నారు. హంటర్ బండివాడి కాలును కాపాడినవి మోకాలి చుట్టూ ఉన్న చిన్న శాఖలని చెప్పాను కదా, ఆ శాఖల్లో ఒకదాని వెంబడే ఈ జిగురు కూడా ప్రయాణం చేస్తుందన్నమాట. మేలు చేసే దారే కీడుకూ దారి అయింది.

కీలు నుంచి వచ్చిన ద్రవమైతే, కీలులో ఒత్తిడి తగ్గినప్పుడు తిత్తి కూడా చిన్నదవవచ్చు. ఆ సన్నటి దారి మూసుకుపోతే ఇక నిండకపోవచ్చు. లేదా తిత్తి చిట్లి, జిగురు చుట్టుపక్కల కండలోకి కారి, ఒళ్ళే దాన్ని పీల్చేసుకోవచ్చు. మణికట్టు మీది బుడిపె కొందరికి ఏ మందూ లేకుండా మాయమైపోవడం మనలో చాలామంది చూసే ఉంటాం. లోపలి పొరకు చెడుపు లేదు కనుక, నొక్కేది తొలగిపోతే ధమని మళ్ళీ మామూలు వెడల్పుకు వస్తుంది. ఈ వెసులుబాటు కొవ్వు పూడికకు లేదు. నొప్పి వారాల తరబడి దోబూచులాడటానికి కారణం కూడా ఇదే అయి ఉంటుందని వైద్యుల అభిప్రాయం.

మరయితే ఆపరేషన్లన్నీ దండగేనా? కాదు. ఈ విషయంలో అత్యుత్సాహం పనికిరాదు. ధమని పూర్తిగా మూసుకుపోయి, లోపల రక్తం గడ్డకడితే ఎదురుచూడటానికి ఏమీ మిగలదు. అప్పుడు ఆ ముక్క తీసి సిర అతికించడమే పద్ధతి, దాని ఫలితాలు బాగున్నాయి. ధమని తెరిచే ఉంటే, పొర చీల్చి జిగురు తీసేయడం సరిపోతుంది. సూదితో లాగేయడం సులువైన పనిగా కనిపిస్తుంది గాని, దారి మిగిలే ఉంటుంది కనుక మళ్ళీ నిండటం తరచుగా జరిగింది. గుండెకు చేసినట్టు బెలూన్ పెట్టి వెడల్పు చేయడం దీనికి నప్పలేదు. నొక్కేది బయట ఉంటే లోపల నుంచి తోసి లాభమేమిటి? ఇక వేచి ఉండటమంటే, జబ్బు ఇదేనని స్కానింగులో తేలాక, పాదానికి రక్తం సరిపడా అందుతోందని చూసుకుంటూ, డాక్టరు ఇచ్చిన తేదీకి మళ్ళీ స్కానింగు చేయించుకుంటూ ఉండటం. ఇంట్లో కూర్చుని జండూబామ్ రాసుకోవడం కాదు.

ఈ మాట ఎందుకింత గట్టిగా అంటున్నానంటే, నా మిత్రుడి సంగతి చెబుతానన్నాను. ఆయనది ఈ తిత్తి జబ్బు కాదు. మనలో నూటికి తొంభైతొమ్మిది మందికి అది కాదు కూడా. ఆయనది మామూలు కొవ్వు పూడిక. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ రోజుకు రెండు పెట్టెలు కాల్చినవాడు. మూడేళ్ళు బి-కాంప్లెక్స్‌తో గడిపి, సోడా బండి దాకా కూడా నడవలేని స్థితికి వచ్చాక, ఒక రాత్రి బొటనవేలు నల్లబడింది. అప్పుడు పట్నం తీసుకెళ్ళారు. కాలు దక్కింది, రెండు వేళ్ళు పోయాయి. నేను ఎక్స్-రే మనిషిని, ఎన్నో ధమనుల ఫిల్ములు కడిగినవాణ్ణి, ఆయన పక్కన నడుస్తూ పోస్టాఫీసు మెట్ల దగ్గర నేనూ ఆగేవాణ్ణి. ఒక్కసారయినా వంగి ఆయన పాదం మీద వేలు పెట్టి నాడి చూడలేదు. ఆ మెట్ల మీద కూర్చుని కరువు భత్యం ఎరియర్లు ఎప్పుడు వస్తాయో మాట్లాడుకునేవాళ్ళం.

పాదం పైభాగాన, బొటనవేలికీ రెండో వేలికీ మధ్యనుంచి పైకి వచ్చే గాడిలో, కొంచెం పైన ఒక నాడి అందుతుంది. లోపలివైపు చీలమండ ఎముక వెనక ఇంకొకటి. పై నాడి పుట్టుకతోనే అందనివాళ్ళు కొందరుంటారు కాబట్టి రెండూ చూడాలి, రెండు కాళ్ళూ పోల్చి చూడాలి. అందకపోతే కంగారుపడక డాక్టరుకు చూపించుకోవాలి. నడిస్తే పిక్క పట్టేస్తున్నవాళ్ళు అందినా చూపించుకోవాలి.

ఈసారి లైఫ్ సర్టిఫికెట్ల రోజున ఆయన ఆటోలో వచ్చారు. సిగరెట్ మానేశారు, డాక్టరు చెప్పినట్టు రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్ళీ నడుస్తున్నారట. ఈ వ్యాసం చిత్తుప్రతి చదివి వినిపించాను. అంతా విని, "ఆ ఇంగ్లండువాడికి తిత్తి, నాకు సిగరెట్టు. వాడిది అదృష్టం" అన్నారు. తరువాత చెప్పు విడిచి, పాదం నా ముందుకు చాపి, "ఇప్పుడు చూడవయ్యా" అన్నారు. చూశాను. చీలమండ వెనక, చాలా సన్నగా, అందింది.